గుమ్మికీ లాప్‌టాప్‌కీ పందెం

ఆ రోజుల్లో నాకు లోకంలో అందరి మీదా అనుమానమే. ఇప్పుడు లేదా అని మా ఆవిడ అడుగుతుంది గానీ, అప్పటితో పోలిస్తే ఇప్పుడు నేను సాధువు కింద లెక్క. మట్టెవాడలో ఒక పెళ్ళి వీడియోల స్టూడియోలో ఎడిటింగు పనికి అప్పుడే కుదిరాను. చాయ్ తాగి వచ్చేసరికి నా కుర్చీ ఎత్తు మారి ఉంటే, అందులో ఎవరు కూర్చున్నారో తేలేదాకా పని మొదలుపెట్టేవాణ్ణి కాదు. స్టూడియో యజమానిని అందరం అన్న అనేవాళ్ళం. ఆయన నాకు పెట్టిన పేరు సీఐడీ. (ముద్దుగానే పెట్టాడని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు దాని మీదా అనుమానమే.)

నా పనంతా ఒక పాత వర్క్‌స్టేషన్ మీద. ఎక్కడో ఆఫీసు ఎత్తేస్తుంటే అన్న కొనుక్కొచ్చిన పెద్ద నల్ల డబ్బా అది. వడ్లు పోసుకునే గుమ్మిలా మూలంతా తనే ఆక్రమించింది కాబట్టి దాన్ని గుమ్మి అనేవాళ్ళం. పొద్దున మీట నొక్కితే మొదలయ్యే మోత, సాయంత్రం దాకా పెరగదు, తగ్గదు. దాన్ని నేను తప్ప ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు, నేను ముట్టుకోనిచ్చేవాణ్ణీ కాదు.

దసరా ముందు అన్న బావమరిది, అంటే మా వదిన తమ్ముడు దిగాడు. హైదరాబాదులో ఎడిటింగు కోర్సు చేసి వచ్చాడు. మాట ముందొకసారి, వెనకొకసారి 'మా కోర్సుల గిట్ల చెప్పలే' అనేవాడు కాబట్టి వాడి పేరు కోర్సు అయిపోయింది. వాడి మాట విని అన్న ఒక కొత్త లాప్‌టాప్ కొన్నాడు. ఆయుధపూజ నాడు వదిన దాని కింద ఎర్ర మఖమల్ గుడ్డ పరిచి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసింది. గుమ్మికి ఒక్క బొట్టు, అదీ వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ పెట్టింది. నేను గమనించాను. సాయంత్రం కోర్సు జమ్మి ఆకు నా చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ అంటూ కౌగిలించుకున్నప్పుడు కూడా, వాడి రెండో చెయ్యి ఎక్కడుందో చూసుకున్నాను.

పండుగ అయిన మర్నాడే గొడవ మొదలైంది. "బావా, ప్రాసెసర్ అంటే బండికి ఇంజన్ అసొంటిది. గుమ్మిది మూడు గిగాహెర్ట్జ్ స్పీడు మీద నడుస్తది. దీనిది నాలుగున్నర. ఏది పెద్దదో నువ్వే చెప్పు" అన్నాడు కోర్సు. నేను ఊరుకుంటానా? "గుమ్మిల కోర్లు ఎక్కువున్నయన్నా. అంటే పని చేసే చేతులెక్కువ. ఒక్కడు ఉరికితె ఏమొస్తది?" అన్నాను. అన్న ఇద్దరి మొహాలూ చూశాడు. నమ్మినట్టు కనపడలేదు.

"మీ ఇద్దరి మాట నేను నమ్మ" అన్నాడు. "ఎనుమాముల మిర్చి సేటు బిడ్డ పెండ్లి వీడియో ఉంది గద. పదహారు రోజుల పండుగకు ఇయ్యాలె. అదే పెండ్లి రెండిట్ల పెట్టుండ్రి. ఏది ముందుగాల తీస్తె అది ఉంటది, రెండోది అమ్మేస్త. సిస్టం ఒక్కటైనంక మనిషి కూడ ఒక్కడే సాలు." మా అమ్మ అప్పటికే వాడకట్టంతా తిరిగి 'మావోడు కంప్యూటర్ల పని చేస్తాండు' అని చెప్పి ఉంది. గుమ్మి పోతే నేనూ పోయినట్టే.

ఎడిటింగు చేసిన ముక్కలన్నింటినీ కలిపి ఒకే వీడియోగా తయారుచేయడాన్ని రెండర్ అంటారు. పందెం దానికే. పందెం రోజు పొద్దున వదిన తాజా బంతిపూల దండ తెచ్చి తమ్ముడి లాప్‌టాప్ చుట్టూ వేసింది. గుమ్మికి పువ్వు రేకు కూడా లేదు. అన్న ఒకటి, రెండు అని లెక్కపెట్టగానే ఇద్దరం కలిసి నొక్కాం. తెర మీద ఎంతవరకు అయిందో బొమ్మ కనపడుతుంది. గుమ్మి ఇంకా ఎదుర్కోలు దగ్గరే ఉంది. లాప్‌టాప్ అప్పుడే జీలకర్ర బెల్లానికి వచ్చేసింది. కోర్సు నా వంక చూసి చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది.

"గట్ల గుడ్లప్పజెప్పి కూసుంటె తొందరగ అయితదా? పోయి చాయ్ తాగి రాండ్రి" అన్నాడు అన్న. ఇద్దరం కదల్లేదు. నేను పోతే వాడేం చేస్తాడో, వాడు పోతే నేనేం చేస్తానో. చివరికి ఒకేసారి లేచాం, గుమ్మం ఒకేసారి దాటాం. చాయ్ కొట్టు దగ్గర ఊదుకోకుండానే తాగి నాలుకలు కాల్చుకుని ఒకేసారి తిరిగొచ్చాం.

వచ్చి చూస్తే లాప్‌టాప్ తలంబ్రాల దగ్గర చతికిలబడింది. మూలుగుతోంది తప్ప కదలడం లేదు. గుమ్మి తాపీగా వచ్చి దాని పక్కనే ఉంది. "నువ్వేం జేసినవ్?" అన్నాడు కోర్సు. "నీతోనే ఉన్న గదరా" అన్నాను. "గదే నా అనుమానం. నన్ను చాయ్‌కి తీస్కపోయి ఎవలితోనో చేయించినవ్." అన్న ప్లగ్గులు చూశాడు, నా జేబులు చూశాడు, వాడి జేబులూ చూశాడు. "నేను ఈడనే కూసున్న. ఈగ కూడ రాలే" అంది వదిన.

నాకు మాత్రం వాడే ఏదో నాటకమాడుతున్నాడనిపించింది. లాప్‌టాప్ వెనకాల ఏం దాచాడో పట్టుకుందామని దండ పైకెత్తాను. పువ్వులు ఉడికిపోయి ఉన్నాయి. దండ చాటు నుంచి గుప్పుమని వేడి గాలి చేతికి తగిలింది. లాప్‌టాప్‌ను ఎత్తి చూస్తే కింద గాలి పీల్చుకునే కంతలన్నీ పూజ నాటి మఖమల్ గుడ్డ మూసేసింది. పాపం, అది ఊపిరాడక చస్తోంది. గుడ్డ లాగేయగానే మళ్ళీ పరుగందుకుంది. దొంగను పట్టబోయి శత్రువు ప్రాణం కాపాడానని నాకు అర్థమయ్యేసరికి ఆలస్యమైపోయింది. వదిన మొహం చిన్నబోయింది. "మంచిగుండాలెనని ఏస్తిని" అంది.

దండ వల్ల ఓడిపోతే లెక్క కాదని కోర్సు పేచీ పెట్టాడు. పందెం మళ్ళీ మొదటి నుంచి. ఈసారి గుడ్డ లేదు, దండ లేదు, నెత్తి మీద ఫ్యాను కూడా వాడికే. లాప్‌టాప్ మళ్ళీ ముందే ఉరికింది. పుస్తె కట్టే వేళకు నేను మనసులో మా అమ్మకు ఏం చెప్పాలో కూడబలుక్కుంటున్నాను. అంతలో అది మెల్లగా తగ్గింది. నాలుగున్నర అన్నది అది కాసేపు ఉరికే వేగం, రోజంతా నడిచేది కాదు. అంత పలుచటి ఒంట్లో పుట్టిన వేడిని ఎక్కడికని పంపుతుంది? గుమ్మికి మాత్రం కడుపు నిండా చోటు, వెనక అరచేయంత ఫ్యాను. మూడు అంటే పొద్దుగూకేదాకా మూడే. గుమ్మి అప్పగింతలు ముగించేసరికి లాప్‌టాప్‌లో కొత్త జంట ఇంకా అరుంధతిని వెతుకుతోంది.

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. కానీ పక్కకు చూస్తే కోర్సు లాప్‌టాప్ మీద చెయ్యి వేసి, జ్వరమొచ్చిన పిల్లను తడిమినట్టు తడుముతున్నాడు. నా సంతోషం సగం అక్కడే పోయింది.

అన్న రెండు తెరల దగ్గరికీ వెళ్ళి చూసి వచ్చాడు. చివరికి, "లాప్‌టాప్ గెలిస్తె కోర్సు మోసం చేసిండనుకుందును. గుమ్మి గెలిస్తె సీఐడీ చేసిండని ఇప్పుడనుకుంటాన" అన్నాడు. "ఒక్కన్ని ఉంచుకుంటె నేను కావలి కాయాలె. ఇద్దరుంటె ఒకలి మీద ఒకలకు కన్నుంటది, నాకు ఫికరుండది. లాప్‌టాప్ ఫంక్షన్ హాలుకు పోతది, గుమ్మి ఇంట్ల ఉంటది. ఇద్దరుండుండ్రి." అలా మా ఇద్దరి నౌకరీలనూ అన్న అనుమానమే నిలబెట్టింది. వదిన ఉడికిన దండ తీసుకుని గుమ్మి వైపు వచ్చింది. నేను రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాను.

గుమ్మి పోయి చాలా కాలమైంది. ఆ లాప్‌టాప్ కూడా లేదు. ఇప్పుడు హన్మకొండలో కోర్సూ నేనూ కలిసి పెట్టుకున్న స్టూడియోలో, దసరాకు కొత్త మిషన్ కొంటే బొట్టు వాడు పెడతాడు, గాలి ఎటు నుంచి పోతుందో నేను చూస్తాను. చాయ్‌కి మాత్రం ఈనాటికీ ఇద్దరం ఒకేసారి లేస్తాం, గుమ్మం ఒకేసారి దాటుతాం. మొన్న వాడు చుట్టాల పెళ్ళికని వారం రోజులు ఊరెళ్ళాడు. నా మిషన్‌ను ముట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు, ఎంతసేపైనా బయట తిరిగి రావచ్చు. ఎందుకో, వాడు వచ్చేదాకా నాకు ఒక్క పూటా చాయ్‌కి లేవబుద్ధి కాలేదు.