పుల్లన్న పక్క అంచు

కొత్త బస్సు మౌలాలి చేతికి పోయినప్పటి నుంచి పాత డ్రైవరు పుల్లన్నకు తిన్నది ఒంటబట్టడం లేదు. ఆ మధ్యాహ్నం అదే బస్సులో ఎడమ కిటికీ పక్కన కూర్చున్నాడు. ఓర్వకల్లు దాటగానే ఎర్రదుమ్ము లేచి దారి కనబడకుండా పోయింది.

మౌలాలి కళ్లను మాత్రమే నమ్ముకునే మనిషి కాదు. చక్రాల చప్పుడు వింటాడు, స్టీరింగు అదురు గమనిస్తాడు, రెండు పక్కల కూర్చున్నవాళ్లనూ అడుగుతాడు.

"పుల్లన్నా, నీ పక్క అంచు యాడుండాదప్పా?"

రోడ్డు అంచు మూరెడు దూరంలోనే ఉంది. బస్సు పక్కనున్న కాలువలో దిగబడిందంటే డ్రైవరు సీటు మళ్లీ తనదే.

"శానా దూరముండాది, పోనీ!"

మౌలాలి బ్రేకు తొక్కాడు. "కంకర చప్పుడు పోయి మెత్తని మన్ను తగుల్తాండాది, స్టీరింగూ అదుర్తాండాది. అన్నీ ఒకటి చెప్తాంటే నీ మాటొక్కటే ఏరేగా ఉండాదే!" అని నవ్వి, బండిని కుడికి తిప్పాడు.

తిట్టినా కొంత ఊరటగా ఉండేది. ఆ నవ్వుకు పుల్లన్న కడుపుమంట రెట్టింపయింది.