నెవియా గుమ్మం ముందు కేక

ట్రెబియుస్ కొన్న కంచరగాడిద నీళ్లు కనబడితే చాలు, అందులో పడుకునేది. మీద మూట ఉందా, మనిషి ఉన్నాడా అన్న పట్టింపు దానికి లేదు. అమ్మినవాణ్ణి అతను సంత అధికారి ముందుకు లాక్కొచ్చిన రోజు, శనగలమ్ముకునే ముసలి వెత్తియా బుట్ట మూసేసి మరీ వెళ్లి చూసింది.

"వీడు అడగలేదు, నేను చెప్పలేదు," అన్నాడు అమ్మినవాడు.

"లోపం చెప్పే అమ్మాలని అయ్యగారు గద్దెనెక్కిన రోజే చాటించారు. నేనెందుకడగాలి?" అన్నాడు ట్రెబియుస్.

మాటలు కట్టిపెట్టి గాడిదను పక్కనున్న నీళ్ల కుంట దగ్గరికి నడిపించాడు. అది విందు తిన్న వియ్యంకుడిలా నిట్టూర్చి, నీళ్లు చింది పడేలా కుంటలో నడుం వాల్చింది. అధికారిగారి ఊదా అంచు బట్ట సగం తడిసింది. ఆయన బట్ట పిండుకుంటూనే, గాడిదను వెనక్కి తీసుకోమని అమ్మినవాడికి చెప్పాడు.

గెలిచినవాడు కల్లుకొట్టుకి పోవాలి కదా. ట్రెబియుస్ అక్కడే చతికిలబడి తర్వాతి తగవు విన్నాడు. అదీ అతని తీరు. అతనిది టిబుర్ ఊరి దారిలో మూటల గాడిదల్ని తోలే బతుకు, అక్షరం ముక్క రాదు. అయినా ఏటా ఎన్నికలై ప్రేటరనే కొత్త న్యాయాధికారి వచ్చి, ఏయే తగవులు వింటాడో తెల్లపలక మీద రాయించగానే, దారినపోయేవాణ్ణి పట్టుకుని చదివించుకునేవాడు.

"ఏటేటా మనిషి మారితే న్యాయమూ మారుద్దేంట్రా?" అని వెత్తియా ఓసారి అడిగింది.

"చాలామటుకు పాతదే అక్కా. ఒకటో రెండో ముక్కలు కలుపుతారు. అవేంటో చూడొద్దూ?"

"మరి అంతెత్తున కూర్చున్నవాడు తీర్పు తనే చెప్పడేం?"

"తగవేంటో తేల్చి, వినమని ఇంకొకడికి అప్పగిస్తాడు. ఓడినవాడు తిట్టుకునేది ఆ ఇంకొకణ్ణేగా. మళ్లీ ఓట్లకి రావాలి కదా పాపం."

"నాకెటూ ఓటు లేదు. నేను ఇద్దర్నీ తిడతాలే," అంది వెత్తియా.

వినోదంగా వింటూ వచ్చిన తగవుల గొడవ చివరికి అతని ఇంటికే వచ్చింది. కూరల సంతలో పసిబిడ్డల్ని వదిలేసే పాల స్తంభం దగ్గర దొరికిన ఫౌస్తాని అతను కూతురిలా పెంచాడు. పిల్ల మగ్గం మీద చెయ్యి తిరిగిన వయసుకొచ్చేసరికి, బట్టల వ్యాపారి కల్వియుస్ ఊడిపడ్డాడు. తన బానిస కన్న బిడ్డట, కాబట్టి తనదేనట. ప్రేటరు ఇద్దరి మాటా విని, న్యాయం చెప్పేవాణ్ణి నియమించి, రోజు పెట్టాడు.

ఫౌస్తా ఎవరి బిడ్డో తెలిసింది మంత్రసాని నెవియాకి ఒక్కదానికే. స్వతంత్రురాలైన తల్లికి పురుడు పోసి, ఆ బిడ్డని స్తంభం దగ్గర పెట్టింది ఆవిడేనని ట్రెబియుస్‌కి తెలుసు, తల్లి పేరే తెలియదు. కానీ ఆవిడ ఉండేది కల్వియుస్ అద్దె గదిలో. సాక్ష్యం అనగానే లోపల గడియ పెట్టుకుంది.

"ప్రేటరు మనుషుల్ని పంపి ఆవిణ్ణి తీసుకురాడా?" అంది వెత్తియా.

"సాక్షిని మనమే తెచ్చుకోవాలక్కా. అలాగని గడప దాటి లాగకూడదు. రోజు విడిచి రోజు గుమ్మం ముందు నిలబడి కేకెయ్యొచ్చు, అంతే. తాతల నాటి చట్టం."

మొదటి రోజు వేశాడు. పైఅంతస్తువాళ్లు నవ్వారు, ఎవరో కుండెడు కుడితి కుమ్మరించారు. తలుపు తెరుచుకోలేదు. తడిసిన బట్టల్తోనే సాయంత్రందాకా నిలబడ్డాడేమో, తెల్లారేసరికి గొంతు పూర్తిగా పోయింది. వెత్తియా బుట్ట పక్కన కూర్చుని, ఆమె చెవి దగ్గరికి వంగి గుసగుసగా అన్నాడు:

"రేపు నువ్వెయ్యక్కా కేక. నెవియాని తిట్టమాక, తిడితే ఇంకా బిగుసుకుంటది. ఫౌస్తా వాళ్లమ్మ పేరేంటో చెప్పమని అడుగు, ఆ పేరు బయటికొస్తేనే పిల్ల బానిస కాదని తేలుద్ది. తలుపు తీసేదాకా అడుగుతానే ఉండు."