సెవి పెడితేనే బిగిసిపోతంది

రెండు వేల ఇరవై మూడు, వానాకాలం. అరకులో కంప్యూటర్ రిపేరు షాపు పెట్టి అప్పటికి తొమ్మిదేళ్లు. మాది విజయనగరం వైపు. కొండెక్కిన కొత్తలో ఏ సీపీయూ విప్పినా లోపల చెమ్మ, బూజు, ఒక్కోసారి బల్లి గుడ్లు. అన్నీ చూసేశాను, ఇక నాకు తెలియని జబ్బు లేదని అనుకునేవాణ్ణి. అలా అనుకున్నవాడికి ఎక్కడో అక్కడ దెబ్బ తగలక మానదు. నాకు హుకుంపేట దగ్గర తగిలింది.

సుమిత్ర అనే ఆవిడకి అక్కడ ఒక ఊళ్లో కాఫీ తోట ఉంది. కూతురు మల్లికకి ఐదేళ్లు. పుట్టుకతోనే వినికిడి తక్కువ, రెండు చెవులకీ మిషన్లు పెట్టారు. మిషను పెట్టగానే మాటలు వచ్చేయవట. ఒక్కో మాటా కూర్చోబెట్టి నేర్పాలి. విశాఖపట్నంలో ఒక టీచరమ్మ ప్రతి శనివారం వీడియోలో నేర్పేది. వారం వారం ఘాట్ రోడ్డు దిగి వెళ్లి రావడం వాళ్ల వల్ల అయ్యే పని కాదు. కొన్నాళ్లు ఫోనులో విని పిల్ల పదీ పన్నెండు మాటలు పట్టింది. అయితే చిన్న తెర మీద టీచరు పెదాలు సరిగ్గా కనబడవని, నా దగ్గరే పెద్ద మానిటరుతో సెకండ్‌హ్యాండ్ కంప్యూటరు కొనుక్కున్నారు.

రెండు వారాలు తిరక్కుండా సుమిత్ర ఆ సీపీయూని దుప్పట్లో చుట్టి జీపులో తెచ్చింది. పాఠం మధ్యలో హ్యాంగ్ అయిపోతోందట. హ్యాంగ్ అంటే బొమ్మ ఎక్కడిదక్కడ నిలిచిపోయి, మౌసూ కీబోర్డూ దేనికీ పలక్కపోవడం. ఎప్పుడవుతోందమ్మా అని అడిగాను.

“సెవి పెడితేనే బిగిసిపోతంది బాబూ. తీసేత్తే బాగానే ఉంటంది. తీసేత్తే మరి పాఠం ఎలాగ?”

నాకు నవ్వొచ్చింది. పిల్ల చెవి మిషనుకీ కంప్యూటరుకీ ఏం సంబంధం? బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టినట్టుంది. దానికీ దీనికీ సంబంధం లేదమ్మా అని నవ్వుతూనే నచ్చజెప్పాను. జాబ్ కార్డులో, అంటే రిపేరుకొచ్చిన వస్తువు రోగం రాసుకునే చీటీలో, ‘హ్యాంగింగ్’ అని ఒక్క ముక్క గీకి పారేశాను.

షాపులో నెట్ వైరు తగిలించి రెండు రోజులు నడిపాను. ఒక్కసారీ ఆగలేదు. అయినా ర్యామ్ తుడిచి, విండోస్ మళ్లీ ఎక్కించి పంపాను. శనివారం ఫోనొచ్చింది, మళ్లీ బిగిసిపోయిందని. రెండోసారి తెస్తే ఎస్ఎంపీఎస్, అంటే లోపలికి కరెంటు సర్దే పెట్టె, అది మార్చాను. నా బల్ల మీద నిక్షేపంగా నడిచింది, ఇంటికెళ్లాక కథ మొదటికొచ్చింది. మీ ఊరి కరెంటే బాగోలేదేమో అన్నాను. మనకి అంతుపట్టనిదాన్ని కరెంటు మీదికి తోసేయడం మా వృత్తిలో పాత అలవాటే.

మొదటిసారి నా షాపుకి తెచ్చిన దగ్గర్నుంచి ఆరో శనివారం కూడా పోయాక ఆవిడ మళ్లీ ఫోను చేసింది. ఈసారి కంప్యూటరు ఊసు కాదు, పిల్ల ఊసు.

“గుంట మాటాడ్డం మానేసింది బాబూ. తను తప్పు పలికితేనే టీచరమ్మ బిగిసిపోతందనుకుంటంది. తెర ముందు కూకోబెడితే నోరు మూసేసుకుంటంది. ఫోను సూపించినా అంతే.”

తర్వాతి శనివారం పొద్దున్నే షాపు మూసేసి బండి మీద బయల్దేరాను.

మల్లిక గుమ్మం పక్కన నిలబడి నన్నే చూస్తోంది. రెండు చెవులకీ మిషన్లున్నాయి. కంప్యూటరు ఆన్ చేసి అరగంట నడిపాను. ఏ తేడా లేదు. అప్పుడు సుమిత్ర, సెవి పెట్టమంటారా అని అడిగింది. నేను పిల్ల వైపు చూసి, పెట్టే ఉంది కదమ్మా అన్నాను. ఆవిడ నన్ను వింతగా చూసి, అటక మీది బిస్కెట్ల డబ్బాలోంచి ఒక వస్తువు తీసి సీపీయూ ముందువైపు గుచ్చింది. అది వైఫై అడాప్టరు. వైరు లేకుండా గాల్లోంచి నెట్ అందుకునే చిన్న పరికరం, దానికి నిలువుగా ఒక యాంటెన్నా. పక్కింటి నెట్ అందడానికి ఆవిడ తమ్ముడు విశాఖలో కొనిచ్చాడట. చెమ్మ పట్టకుండా పాఠం అవ్వగానే పీకి డబ్బాలో దాచేది. అందుకే అది నా షాపు గడప ఎప్పుడూ తొక్కలేదు.

“ఇదేంటమ్మా?”

“సెవి. గుంటే పెట్టింది ఆ పేరు. తనకి సెవి పెడితే ఇనబడతాది కదా, ఇది పెడితే కంప్యూటరుకి టీచరమ్మ మాట ఇనబడతాది.”

పిల్లకి వచ్చిన పదీ పన్నెండు మాటల్లో అదొకటి. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. మొదటిరోజే చెప్పారు కదమ్మా అన్నాను.

“సెప్పాను. మీరు నవ్వేసారు” అంది. ఆ గొంతులో కోపం కూడా లేదు.

ఏడో నిమిషంలో తెర బిగిసింది. క్యాప్స్‌లాక్ నొక్కితే దాని దీపం వెలగలేదు, అంటే ఆగింది నెట్ కాదు, కంప్యూటరే. అడాప్టరు పీకగానే మౌసు కదిలింది. దొంగ దొరికాడు. ముందువైపు కరెంటు చాలడం లేదేమోనని వెనక పోర్టులో పెట్టాను, మళ్లీ బిగిసింది. ఇక మిగిలింది డ్రైవరు. అంటే కంప్యూటరుకీ పరికరానికీ ఒకరి మాట ఒకరికి అర్థమయ్యేలా చేసే చిన్న ప్రోగ్రాము. విండోస్ తనకి తోచిన పాతదేదో పెట్టేసుకుంది. నేను విండోస్ మళ్లీ ఎక్కించినా, ఇంట్లో అడాప్టరు గుచ్చగానే అదే వచ్చి కూర్చుంది. దాన్ని తీసేసి, అడాప్టరు వీపు మీది నంబరు చూసి సరైనది నా ఫోను నెట్‌తో దించి ఎక్కించాను. గంటన్నర నడిపాను. బిగియలేదు.

నాలుగింటికి పాఠం. మల్లిక తల్లి ఒళ్లోంచి దిగనంది. టీచరమ్మ గొడుగు బొమ్మ చూపించి పలికింది. పిల్ల పెదవి విప్పలేదు. పది నిమిషాలు గడిచాయి. ఒకసారి తెర వైపు, ఒకసారి ఆ యాంటెన్నా వైపు చూస్తోంది. చివరికి గొణిగినట్టుగా “గొగు” అంది. అని, టీచరమ్మ బిగిసిపోతుందేమోనని తల్లి కొంగులో ముఖం దాచుకుని ఒక్క కన్నుతో చూసింది.

టీచరమ్మ నవ్వింది. చప్పట్లు కొట్టి మళ్లీ చెప్పమంది.

“గొగు” అంది పిల్ల, ఈసారి గట్టిగా. మూడోసారికి “గొడుగు” అంది. సుమిత్ర కళ్లు తుడుచుకుంది. నేను వాన చూసే నెపంతో బయటికొచ్చేశాను.

ఇప్పుడు మా జాబ్ కార్డులో అన్నిటికన్నా పైన ‘కస్టమరు మాట’ అని ఒక గడి ఉంది. వచ్చినవాళ్లు ఏ మాటంటే ఆ మాటే అందులో రాస్తాను, సొంత తెలివి కలపను. అర్థం కాకపోతే “అంటే ఏటమ్మా?” అని అడుగుతాను. సుమిత్రని ఆ రోజు ఆ ఒక్క మాట అడిగి ఉంటే, మల్లికకి ఆరు శనివారాలు మిగిలేవి.