నేను చూడని రెండో సగం

ఆ రోజుల్లో మా వైపు సినిమా చూడడం ఒక ఎత్తు, చూసొచ్చి దాని గురించి నాలుగు మాటలు చెప్పడం ఇంకో ఎత్తు. ఇప్పుడైతే ఎవరి అభిప్రాయం వాళ్ల ఫోనులోనే ఉంటుంది, సినిమా సగంలో ఉండగానే అది బాగుందో లేదో లోకమంతటికీ తెలిసిపోతుంది. ఎనభైల మొదట్లో బంగారుపాళ్యంలో అట్లా కాదు. ఒకడు ఆదివారం బస్సెక్కి చిత్తూరికి పోయి మ్యాట్నీ చూసొచ్చినాడంటే, సోమవారం పొద్దున వాడి మాట కోసం పదిమంది కాచుకోని ఉండేవాళ్లు. వాడు "బాగుండాది" అంటే బాగున్నట్టు, "ఒకసారి చూడొచ్చు" అంటే చూడనక్కర్లేనట్టు. అంతటి పెద్దమనిషిగా నేను ఒక మామిడికాయల సీజను పొడుగునా చలామణి అయినాను. అందులో నా తెలివి ఎంత, నా నిద్ర ఎంత అన్నది ఇన్నేళ్లకైనా ఒప్పుకోవడం మంచిది.

నేను ఇంటర్లో ఒక సబ్జెక్టు తప్పినాను (ఏ సబ్జెక్టో ఇప్పుడెందుకు లెండి). మళ్లీ పరీక్షలొచ్చే దాకా ఇంట్లో కూర్చోబెట్టి తిండి పెట్టడం ఇష్టం లేక మా నాయన నన్ను హైవే పక్కనున్న ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చేర్పించినాడు. నా పని గుజ్జు నింపిన డబ్బాలకు లేబుళ్లు అంటించడం. లేబులు మీద మామిడిపండు బొమ్మ తలకిందులు కాకుండా చూసుకోవడం తప్ప ఆ పనిలో బుర్రతో అవసరమే లేదు. అయినా మొదటి రోజు ఒక వరస వరసంతా తలకిందులుగానే అంటించినాను. బంక చేతులకంటేది, చొక్కాకంటేది, ఒకసారి కనురెప్పకు అంటుకుని మధ్యాహ్నం దాకా ఒంటికన్నుతోనే పనిచేసినాను. నా బల్లకు ఎదురుగా రేకుల షెడ్డులో పన్నెండుమంది ఆడవాళ్లు తోతాపురి కాయలు కోసేవాళ్లు. వాళ్లకు పెద్ద మేస్త్రక్క. యాభైకి దగ్గరపడిన మనిషి. మాట తక్కువ, కత్తి వేగం ఎక్కువ. తక్కిన పదకొండుమంది మాట్లాడుతూ కోసేవాళ్లు. ఈమె వింటూ కోసేది.

నేను చేరిన రెండో సోమవారం వాళ్లలో ఒకామె అడిగింది. "ఏమప్పా, నిన్న సినిమాకు పోయినావంట. ఎట్టుండాది?"

"బాగుండాది" అన్నాను.

"బాగుండాదంటే? సక్కరేసిన కాఫీ బాగుంటాది, కొత్త సాప బాగుంటాది. కత సెప్పు."

చెప్పినాను. చెప్తూ ఉంటే వాళ్లూ తలా ఒక మాట వేసేవాళ్లు. ఒక్క పాటలో హీరోయిను ఆరు చీరలు మార్చిందని చెప్తే, "ఆరు సీరలుండే పిల్లకు ఇంక కష్టమేముండాది ఏడ్సేదానికి" అని తేల్చేసినారు. హీరో ఉద్యోగం లేక ఊరంతా తిరుగుతున్నాడంటే, "మా ఫ్యాట్రీకి రమ్మను, కాయలు దించేదానికి మనుషుల్లేరు" అన్నారు. పత్రికల్లో సినిమాల మీద పెద్దపెద్దవాళ్లు రాసినవి తర్వాత చాలా చదివినాను గానీ, ఆ షెడ్డులో విన్నంత సూటి మాటలు మాత్రం ఎక్కడా కనపడలేదు.

చిక్కల్లా ఒక్కటే. నాకు హాల్లో నిద్రపోయే జబ్బు ఉండేది. ఆరు రోజులు నిలబడి పనిచేసిన కాళ్లు, కూర్చోడానికి కుర్చీ, చుట్టూ చీకటి, నెత్తిన ఫ్యాను. రెండో పాట మొదలయ్యేసరికి తల పక్కకు వాలిపోయేది. నాతో వచ్చే స్నేహితుడు డబ్బాలకు మూతలు బిగించే మిషన్ దగ్గర పనిచేసేవాడు. ఎప్పుడూ ఏదో ఒక పాట పాడుతూనే ఉంటాడని వాణ్ణి మేం ట్రాన్సిస్టర్ అని పిలిచేవాళ్లం. వాడు ఇంటర్వెల్లో నన్ను లేపి సోడా చేతికిస్తే, తాగి మళ్లీ పడుకున్న రోజులున్నాయి. జనం లేచి కుర్చీలు టపటపమని మడతపడితేనే నాకు మెలకువ. అందుకని హాలు బయట అమ్మే పాటల పుస్తకం కొనుక్కునేవాణ్ణి. అందులో కథ ఒక పేజీ ఉండేది. అది సరిగ్గా ఇంటర్వెల్ దాకా వచ్చి, "తరువాత ఏమి జరిగినదో వెండితెరపై చూడండి" అని ఆగిపోయేది. చూడాల్సినవాడు నిద్రపోతే ఏం చెయ్యాలో రాసేవాళ్లు కాదు.

మొదట్లో "రెండో సగం కొంచెం సాగదీసినాడు" అని తప్పించుకున్నాను (నిద్రపోయిన సినిమా గురించి ఇంతకన్నా క్షేమమైన అభిప్రాయం ఇప్పటికీ లేదు). వాళ్లు వదల్లేదు. "సాగదీసింటే సాగదీసినట్టే సెప్పు సామీ, మాకేం తొందర. సాయంత్రం దాకా కాయలుండాయి" అన్నారు. ఇంక గత్యంతరం లేక కల్పించడం మొదలుపెట్టినాను. మొదట భయం భయంగా, తర్వాత్తర్వాత ధీమాగా. నా సినిమాల్లో తప్పిపోయిన తమ్ముళ్లు దొరికేవాళ్లు, తాగుబోతులు మానుకునేవాళ్లు, విలన్లు సైతం చివరికి ఏదో ఒక పనిలో కుదురుకునేవాళ్లు. ఎవరినీ చంపేవాణ్ణి కాదు. ఎదురుగా పన్నెండు కత్తులు పెట్టుకుని ఎవరినైనా చంపడానికి నాకు ధైర్యం చాల్లేదు. అసలు సినిమాలు చూసే తీరిక వాళ్లకెవరికీ లేదు కాబట్టి నా బండి సాఫీగా నడిచిపోయింది.

అట్లా ఉండగా ఒక సినిమా వచ్చింది. మొగుడు పోయిన ఒక తల్లి, ఆమెకు ఒక్కతే కూతురు. కూతురు తల్లికి ఇష్టం లేనివాణ్ణి పెళ్లాడుతుంది. తల్లి, "ఇంక నా గడప తొక్కద్దు" అంటుంది. పాటల పుస్తకం అక్కడే ఆగిపోయింది. నేనైతే అంతకు చాలా ముందే, కూతురూ అల్లుడూ తోటలో పాడుకునేటప్పుడే పడుకున్నాను.

సోమవారం ఆ గడప దాకా చెప్పి, కల్పించుకునే వ్యవధి కోసం బంక కలుపుతున్నట్టు నటించినాను. షెడ్డులో ఏదో తేడాగా ఉందనిపించి తలెత్తి చూస్తే మేస్త్రక్క కత్తి ఆగి ఉంది. అంతకుముందు నేనెప్పుడూ అది ఆగగా చూడలేదు.

"తర్వాత ఆ తల్లి ఏం సేసినాది?" అంది. ఆమె నన్ను ఒక సినిమా సంగతి అడగడం అదే మొదటిసారి.

"కొన్నేండ్లు అట్లే ఉండింది. తర్వాత ఆమే బస్సెక్కి కూతురింటికి పోయింది."

"ఆమే పోయినాదా? కూతురు రాలేదా?"

"కూతురికి రావాలనే ఉండింది. గడప తొక్కద్దనిందని భయం."

ఆమె కత్తి పక్కన పెట్టేసింది. "ఉత్త సేతుల్తోనే పోయినాదా?"

నా కళ్లెదురుగా ఏముంటాయి? "ఒక గంప మామిడికాయలు తీసుకోని పోయింది" అన్నాను.

"ముందు ఎవురు మాట్లాడినారు?"

ఇది నేను ఆలోచించుకోలేదు. "కూతురు బావికాడ నీళ్లు చేదుతా ఉండింది. తల్లి పోయి పక్కన నిలబడి, అన్నం తిన్నావా అనింది. అంతేనక్కా. పాత సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు."

మేస్త్రక్క తల ఊపి మళ్లీ కత్తి తీసుకుంది. మంచి ముగింపు చెప్పినానని నేను ఆ పూటంతా ఈలలేసుకుంటూ లేబుళ్లు అంటించినాను.

మంగళవారం మేస్త్రక్క రాలేదు. బుధవారమూ రాలేదు. ఒంట్లో బాగాలేదా అని అడిగితే, షెడ్డులోనే కాయలు కోసే ఆమె పక్కింటామె చెప్పింది. మేస్త్రక్కకు ఒక కూతురుందట. నాలుగేండ్ల కిందట చర్చికి పోయే ఇంటి పిల్లోణ్ణి, టైలరు పని చేసేవాణ్ణి పెళ్లాడి తిరుపతికి వెళ్లిపోయిందట. ఈ నాలుగేండ్లలో తల్లి ఆ పిల్ల పేరెత్తలేదు, ఎత్తినవాళ్లతో మాట్లాడలేదు. "నిన్న తెల్లారుజామునే గంపతో కాయలు నెత్తిన పెట్టుకోని తిరుపతి బస్సెక్కినాది. నువ్వు సెప్పిన సినిమా సంగతే తలుసుకుంటా ఉండాదప్పా రాత్రంతా" అంది.

నా చేతిలో లేబులు చేతిలోనే ఉండిపోయింది. నేరుగా ట్రాన్సిస్టర్ దగ్గరికి పోయి, "ఆ సినిమాలో తల్లి చివరికి ఏమైతుందిరా?" అని అడిగినాను.

"సచ్చిపోతాది కదా. కూతురు వచ్చేలోపలే. శవం కాడ పాట కూడా ఉండాది. హాలంతా ఏడిస్తే నువ్వు గురక పెడతావుంటివి" అన్నాడు వాడు, ఆ పాట అందుకోబోతూ.

ఆ రెండు రోజులు నేను పడిన అవస్థ చెప్పలేను. కూతురు మొహం మీదే తలుపేస్తే? అల్లుడు తిడితే? అంత పౌరుషం గల మనిషి నలుగురిలో తలవంచుకుని, గంప మళ్లీ నెత్తినెత్తుకుని రావలసివస్తే? నాకు ఏం తెలుసునని పంపించినట్టు ఆమెను? మా వైపు కాణిపాకం వినాయకుడంటే అబద్ధాలాడేవాళ్లకు హడలు. ఎంత మొండివాడైనా ఆయన ముందు ప్రమాణం చెయ్యమంటే నిజం కక్కేస్తాడు. ఎవరూ నన్ను ప్రమాణం చెయ్యమనలేదు గానీ, ఆ రెండు రోజులూ కాణిపాకం బస్సు కనపడితే మొహం పక్కకు తిప్పుకున్నాను. అన్నం సయించలేదు. మా నాయన చూసి, "ఏరా, సదువు గురించి బెంగా?" అని మొదటిసారి జాలిగా అడిగినాడు. అవునన్నాను. అబద్ధాల లెక్కలో అదొకటి కలిసింది.

శుక్రవారం పొద్దున మేస్త్రక్క వచ్చింది. ఎప్పటిలాగే పీట సర్దుకుని, కత్తి నూరుకుని కూర్చుంది. మొహం చూస్తే ఏమీ తెలియలేదు. ఆడవాళ్లందరూ ఆమెనే చూస్తున్నారు, నేను డబ్బా చాటున ఉన్నాను.

"ఈడికి రాప్పా" అంది. పోయి నిలబడినాను.

"ఆడ బావీ లేదు, ఏమీ లేదు. కొళాయి. ఇరవైమంది వరసలో ఉండారు. నా కూతురు రెండు బిందెలు పెట్టుకోని నిలబడుండాది. నేను పోయి ఎనకాల నిలబడితిని. తిరిగి సూసినాది, మళ్లా అటు తిరుక్కునింది. సరే, నువ్వు సెప్పినట్టే అడిగితిని, అన్నం తిన్నావా అని."

"ఏమనింది?"

"తెల్లారి ఏడు గంటలకు అన్నమేందిమా అనింది."

షెడ్డులో ఎవరో కిసుక్కుమన్నారు. మేస్త్రక్క నవ్వలేదు. "ఆ మాటతో నాకు కోపమొచ్చినాది. నాలుగేండ్లకు వస్తే ఇదా నువ్వు మాట్లాడే మాట అంటిని. నాలుగేండ్లు రానిది ఎవురు అనింది. నువ్వేమో పాత సంగతి ఎత్తలేదంటివి. మేం ఏ సంగతీ మిగల్చలేదు, అంతా ఎత్తినాం. వరసలో ఉండేవాళ్లు సగంమంది దాని పక్క, సగంమంది నా పక్క. ఈలోపల నీళ్లు ఆగిపోయినాయి. అందరూ మమ్మల్ని తిట్టుకుంటా పోయినారు. ఇంక మేమిద్దరమే మిగిలితిమి, రెండు ఉత్త బిందెలు. అప్పుడు అది ఏడ్సినాది. నేనూ ఏడిస్తిని. ఇంట్లో రెండేండ్ల పిల్ల ఉండాది, సామీ. నాకు మనవరాలు. పుట్టిన సంగతే నాకు తెలీదు. అది నన్ను సూసి భయపడి వాళ్ల నాయన కాళ్ల మధ్య దూరినాది. మామిడికాయ ముక్క ఇస్తే వచ్చినాది."

పన్నెండుమందిలో కళ్లు తుడుచుకోనివాళ్లు లేరు. నేనూ తుడుచుకుందామని చెయ్యెత్తితే చేతికి బంక ఉందని గుర్తొచ్చి ఆగినాను.

"నిన్న మా అల్లుడు అందర్నీ మ్యాట్నీకి తీసకపోయినాడు" అంది మేస్త్రక్క. "నువ్వు సెప్పిన సినిమాకే. నేనే అడిగితిని."

నేను డబ్బాల వైపు ఒక అడుగు వెనక్కి వేసినాను.

"ఆ సినిమాలో తల్లి సచ్చిపోయినాది కదప్పా."

ఇంక దాచేదేముంది. "నేను నిద్రపోయినానక్కా" అన్నాను. "ఆ సినిమాకే కాదు. అన్నిటికీ నిద్రపోయినాను."

ఇన్ని వారాలుగా వాళ్లు కళ్లు చెమర్చుకుని విన్న కథలన్నీ ఒక్కొక్కటే వాళ్ల మనసుల్లో వెనక్కి తిరుగుతున్నట్టుంది. "అయితే ఆ తాగుబోతు మానుకోలేదా?" అని ఒకామె నీరసంగా అడిగింది. ట్రాన్సిస్టర్ దగ్గర విన్నదాన్ని బట్టి వాడు మానుకోలేదు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.

మేస్త్రక్క ఒక కాయ తీసుకుని నిదానంగా రెండు చెక్కలు చేసింది. "నాకు ఆ సినిమా నచ్చలేదు. ఆ తల్లికి బుద్ధి లేదు. బస్సులు తిరగతానే ఉండాయి, కాళ్లు బాగానే ఉండాయి, పోయేదానికేం? కూతురే రావాలని కూసోని కూసోని సచ్చిపోయినాది. దానికి అంత పాట ఎందుకు?" అనేసి, "నా కూతురు పక్కన కూసోని ఏడ్సి ఏడ్సి నా సెయ్యి పిసికేసినాది. ఇంకా నొప్పిగా ఉండాది" అని ఎడమ చెయ్యి చూపించింది. అప్పుడు నవ్వింది. మేస్త్రక్కకు పై వరసలో ఒక పన్ను లేదని నాకు ఆ రోజే తెలిసింది.

తర్వాత వాళ్లంతా మాట్లాడుకుని నాకొక కట్టడి పెట్టినారు. కథలు చెప్పడం మానకూడదు. కాకపోతే, ఎక్కడ నిద్రపోయినానో అక్కడికి రాగానే చెయ్యి పైకెత్తాలి. అక్కణ్ణించి కథ నాదని వాళ్లకు తెలియాలి. ఆ సీజను అయిపోయేదాకా అట్లే చెప్పినాను. ఒక్కోసారి నేను చెయ్యెత్తడం ఆలస్యమైతే, "ఇంకా నిద్ర రాలేదా అప్పా?" అని వాళ్లే తొందరపెట్టేవాళ్లు.

ఆ పరీక్ష పాసయినాను, వేరే ఉద్యోగం, వేరే ఊళ్లు. ఒక ప్రాణాన్ని దారికి తెచ్చినానని చాలా ఏళ్లు లోలోపల గర్వపడినాను. వయసు మళ్లినాక ఆలోచిస్తే తెలుస్తున్నది. మేస్త్రక్క ఆ నాలుగేండ్లూ మనసులో ఎన్నిసార్లు ఆ బస్సెక్కి దిగిందో. ముందు పోయినవాళ్లు చిన్నవాళ్లయిపోరని ఎవరైనా ఒకరు అంటే చాలునని ఎదురుచూసి ఉంటుంది. నేను కాకపోతే ఇంకెవరో అనేవాళ్లు. ఈ సంగతి నాకు నేను ఒప్పుకున్నాను గానీ, ఆ శుక్రవారం సాయంత్రం మామిడితోటల మధ్య ఇంటికి నడిచిపోయిన ఆ పద్దెనిమిదేళ్ల కుర్రాడికి మాత్రం చెప్పను. చొక్కా నిండా బంక, కడుపు నిండా ఆకలి, లోకాన్ని తానే బాగుచేసినట్టు ఆ నడక. పోనీ, నడవనీ.