వినకుండా గీసిన బోర్డు

బేరిగై పరశురామ్ కచేరి బోర్డు గీస్తే అందులో మనిషి ముఖం ఉండదు. హోసూరు శ్రీరామనవమి సంగీత కమిటీ పెద్ద కేశవప్ప తొంభై ఒకటిలో మొదటిసారి అలాంటి బోర్డు చూసి నెత్తి కొట్టుకున్నాడు. "ఫొటో యాడప్పా? ఈడ వట్టి నీలం గీత ఉండాది!"

"ఆయమ్మ వయొలిన్ అట్లే ఉండాదిన్నా. కింద పేరు రాసినాను కదా" అన్నాడు పరశురామ్, తొణక్కుండా.

నల్లటి గుడ్డ మీద కింది మూల నుంచి సన్నగా లేచి, పైకి పోయేకొద్దీ వణికే నీలం గీత అది. ఎగతాళి చేసినవాళ్లే కచేరి విని బయటికొచ్చి, మళ్లీ దాని ముందు నోరు మూసుకుని నిలబడ్డారు. వయొలిన్ ఆవిడైతే అడిగి మరీ ఇంటికి తీసుకుపోయింది.

పరశురామ్ పద్ధతి ఒకటే. కచేరికి వారం ముందు విద్వాంసుడు సాధన చేస్తుంటే ఎదురుగా కూర్చుని, గంటసేపు కళ్లు మూసుకుని వినాలి. ఆ తర్వాతే కుంచె ముట్టాలి. వినకుండా గీయమంటే మండిపడేవాడు. "నేనేమన్నా సబ్బు బోర్డు రాస్తాండానా?"

సరే, బొమ్మలు కూడు పెడతాయా? పగలంతా హోసూరులో రేకులు నొక్కే ప్రెస్సు షాపులో పని. చెవుల్లో దూది పెట్టుకుంటే ఫోర్‌మన్ పిలుపు వినబడదని అదీ పెట్టుకోలేదు మహానుభావుడు. పన్నెండేళ్లు ఆ దడదడలోనే గడిచాయి. రెండువేల మూడుకల్లా చెవిలో అరిస్తే తప్ప మాట అందడం లేదు. సంగీతం అసలే అందదు. నరాలు చచ్చిపోయాయి, మిషను పెట్టినా లాభం లేదని కృష్ణగిరిలో చెవుల డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు.

ఆ సంగతి భార్య సుగంధికి తప్ప ఎవరికీ తెలియదు. షాపులో ఎటూ అందరూ అరుచుకునేవాళ్లే, బయట నవ్వి తల ఊపి నెట్టుకొచ్చేవాడు. "చెవిటోనికి బోర్డు ఎవరిస్తారే?" అని ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడు. బోర్డులు కూడా పోతే తన బతుక్కి మిగిలేది ఆ రేకులే అని అతని భయం.

ఆ ఏడు నవమికి వేప్పనపల్లి లక్ష్మణప్ప నాదస్వరం పెట్టారు. పరశురామ్ ఆయనను ఎన్నోసార్లు విన్నవాడే. ఈసారీ వెళ్లాడు, ఎదురుగా కూర్చుని కళ్లు మూసుకున్నాడు, ఏమీ వినబడకపోయినా గంటసేపు తల ఊపాడు. ఇంటికొచ్చి జ్ఞాపకం నుంచి గీశాడు. బోర్డంతా కుంకుమ ఎరుపు, అంచులు దాటి చట్రం మీదికి పొంగింది. ఎంత బాగా కుదిరిందో!

బోర్డు పెట్టిన రోజు లక్ష్మణప్ప చూడ్డానికొచ్చాడు. చాలాసేపు చూశాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, పెదవులు కదిలాయి. మెచ్చుకుంటున్నాడనుకుని పరశురామ్ నవ్వుతూ చేతులు జోడించాడు. ముసలాయన తలదించుకుని బస్సెక్కేశాడు.

అన్నం తెచ్చిన సుగంధి పక్కనే ఉండి అంతా వింది. మొగుడి చెవిలో అరిచి చెప్పింది. "చలికాలంలో జబ్బు చేసి ఆయప్పకు ఊపిరి సగం పోయిందంట. 'ఎదురుగా కూర్చోని విని కూడా ఇట్లా గీసినావంటే నన్ను ఎగతాళి చేయనే కదప్పా' అనె!"

మర్నాడు మొగుడూ పెళ్లాం వేప్పనపల్లి పోయారు. "నాకు చెవులు పోయినాయన్నా. దాచిపెట్టినాను. నువ్వు ముందు ఊదిందే గీసినాను. మన్నించు" అని లక్ష్మణప్ప కాళ్లు పట్టుకున్నాడు పరశురామ్. కమిటీకి తెలిస్తే తెలవనీ అనుకున్నాడు.

ముసలాయన లోపలికి పోయి నాదస్వరం తెచ్చాడు. అతనికి దగ్గరగా కూర్చుని ఊదడం మొదలుపెట్టాడు. బుగ్గలు వణుకుతున్నాయి, మెడ నరాలు ఉబ్బుతున్నాయి, మధ్యలో ఆగి ఆగి ఊపిరి పీల్చుకుంటున్నాడు. పరశురామ్ కళ్లు పెద్దవి చేసుకుని చూశాడు. అయ్యో, చూస్తే ఏం తెలుస్తుంది! భార్య వైపు తిరిగాడు. "ఎట్లుండాదే?"

కచేరిలో కూర్చోబెడితే కునుకు తీసే మనిషి సుగంధి. ఇప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతని చెవి దగ్గరికి వంగి, "ఏడుపొస్తాండాది" అని అరిచింది.

"అది కాదే! ఎట్లా లేస్తాండాది? యాడ తెగుతాండాది? ఏ రంగు, చెప్పు!" అని ఆమె చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

ఆమె చెప్పబోయింది. "తెగి... మళ్లా..." అంది. మాట దొరకలేదు. "నాకు తెలీదు, నాకు చెప్పేకి రాదు" అని భోరుమంది.

లక్ష్మణప్ప ఆపేసి, నాదస్వరాన్ని గుడ్డలో చుట్టుకుంటున్నాడు. పరశురామ్ ఇంకా ఆమె నోటి వైపే చూస్తున్నాడు.