గంగారాం మాట మోసుకుని రుస్తాఖ్ నుంచి ఘుబ్రాకు

వకీళ్లకు మర్యాద నేర్పే తరగతికి నన్నెందుకు పిలిచారో మొదట నాకు అర్థం కాలేదు. నేను ఒమాన్‌లోని రుస్తాఖ్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టోర్ చూసుకుంటాను. బడి చదువు తొమ్మిదితో ఆగింది. మిగతాదంతా నా సంచీలో ఎప్పుడూ ఉండే పారాయణ పుస్తకం నేర్పింది. శుక్రవారం సాయంత్రాలు క్యాంపు మెస్‌హాల్లో మనవాళ్ల ముందు నిలబడి, గొంతు పగిలేలా ధర్మం చెబుతాను. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. హిందీ బాగా, అరబ్బీ కొంచెం వచ్చు గనుక, ఎవరికి కాగితాల కష్టం వచ్చినా లేబర్ ఆఫీసుకో వకీలు దగ్గరికో తోడు వెళ్లి, వాళ్ల తెలుగును హిందీలో చెప్పేది కూడా నేనే.

అలా తోడు వెళ్లిన వాళ్లలో గంగారాం ఒకడు. మా జగిత్యాల వైపు మనిషి, తాపీ మేస్త్రి, వేరే కంపెనీ. నాలుగు రోజులు డ్యూటీకి రాలేదని, పని వదిలి పారిపోయాడని అతని కంపెనీ ఫిర్యాదు రాసింది. అది నిలబడితే ఇంటికి పంపేస్తారు, మళ్లీ ఈ దేశంలో అడుగు పెట్టనివ్వరు. మస్కట్‌లో సల్మా అనే ఒమానీ వకీలమ్మ ఫీజు లేకుండా కేసు తీసుకున్నారు. ఉర్దూ నడిచే బలూచీ కుటుంబం కాబట్టి ఆమెకు హిందీ ఇంట్లో మాటలాగే వస్తుంది. గంగారాంకు హిందీ పనికి సరిపడా వచ్చు, కష్టం చెప్పుకోవడానికి చాలదు. అందుకే మధ్యలో నేను. రెండు వారాల కింద అతను చెప్పుకున్నదంతా ఆమెకు నేనే చెప్పాను. దాని మీదే ఆమె జవాబు కాగితం రాశారు. అది సోమవారం లేబర్ ఆఫీసుకు ఇవ్వాలి.

ఈలోపు సల్మా మేడం ఫోన్ చేశారు. శనివారం మస్కట్‌లోని ఘుబ్రాలో వాళ్ల ఆఫీసూ మరికొన్ని ఆఫీసులూ కలిసి ఒకరోజు తరగతి పెట్టుకున్నాయట. ఎదుటివాడి మీద మనసులో ముందే పడిన ముద్రలు, పని ఒత్తిడిలో ఆరోగ్యం, వృత్తిలో మర్యాద, ఇవీ పాఠాలు. కూలీ మనిషితో వకీలు ఎలా మాట్లాడాలో చూపించడానికి నిజమైన మనుషులు కావాలి, మీరిద్దరూ రండి అన్నారు. పెద్ద చదువులవాళ్లకు నేను బుద్ధి చెప్పే రోజు వచ్చిందని పొంగిపోయాను. దాచుకోవడం ఎందుకు, పొంగిపోయాను!

శనివారం తెల్లవారి ఐదూ ముప్పావుకు రుస్తాఖ్ ట్యాక్సీ స్టాండుకు చేరాం. ఆ వేళకు బస్సు దొరకదని షేర్ ట్యాక్సీ మాట్లాడుకున్నాం. మస్కట్ మొదట్లో ఉండే బుర్జ్ అల్ సహ్వా రౌండ్ అబౌట్ దాకా సీటుకు రెండు రియాళ్లు. నలుగురు నిండితేనే కదులుతుంది, కాబట్టి ఆరు లోపు వెళ్లినవాడికి ఎదురుచూపు తక్కువ. డ్రైవర్ సాలిం ముసలాయన, గల్ఫ్ హిందీ గడగడా మాట్లాడతాడు. ఎక్కడికని అడిగితే వకీళ్ల తరగతికి అన్నాను.

"వకీళ్లకు కూడా బడి ఉందా?" అని స్టీరింగ్ మీద చెయ్యి చరిచాడు. "ఏం నేర్పుతారు వాళ్లకి?"

"మర్యాద."

"మర్యాదా! మరి ట్యాక్సీ వాళ్లకు లేదా ఆ బడి? నేను వెనక బెంచీలో కూర్చుంటా."

గంగారాం కూడా నవ్వాడు. నెల రోజుల్లో అతని నవ్వు చూడడం అదే మొదలు. దారిలో బర్కా దగ్గర టీకి ఆపాడు. రియాల్‌కు వెయ్యి బైసాలు; యాలకుల చాయ్ రెండు వందల బైసాలు, పరోటా రెండు వందలు. ఆకలి తీరుతుంది, ఘుబ్రాలో తినాలంటే దానికి రెట్టింపు అవుతుంది. చాయ్ తాగి మళ్లీ ఎక్కాక, రోడ్డు పక్కన ఒక సందు వైపు వేలు చూపించాడు గంగారాం.

"అగో నర్సన్నా, గా పచ్చ గేటు ఎన్కనే మా ఊరాయన రూము. గా నాల్గు రోజులు గక్కడ్నే పడున్న. గప్పుడే నేను ఫోర్మన్‌కు..."

"ఇప్పుడు ఆ ముచ్చటెందుకురా? అన్నీ మేడంకు చెప్పినం గదా. కూసో సప్పుడు చెయ్యక."

నేను కసిరేసరికి అతను చెయ్యి దించుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. నేను నా పుస్తకం తీసి, వకీళ్ల ముందు ఏ అధ్యాయంలోంచి మాట్లాడాలా అని చూసుకున్నాను. పదిహేడో అధ్యాయం దగ్గర వేలు పెట్టాను. నాలుకతో చేసే తపస్సు గురించి ఉంటుంది అక్కడ. ఎదుటి మనసును కలవరపెట్టనిది, నిజమైనది, ఇంపైనది, మేలు చేసేది అయితేనే అది మాట అని. వకీళ్లకు దీనికి మించిన పాఠం ఏముంది అనుకున్నాను.

బుర్జ్ అల్ సహ్వాకు ఏడున్నరకు చేరాం. అక్కడి నుంచి సిటీ బస్సులో ఘుబ్రాకు మనిషికి ఐదు వందల బైసాలు. దిగాక, ఇండియన్ స్కూలు అడిగితే ఎవరైనా దారి చూపిస్తారు. దానికి అవతల వీధిలో ఒక భవనం రెండో అంతస్తులో తరగతి. ఎనిమిదిన్నరకు మొదలు. ఇరవై మంది దాకా ఉన్నారు, ఒమానీలు, ఈజిప్టు వాళ్లు, ఇండియా వాళ్లు ఇద్దరు ముగ్గురు. ఒకరికొకరు హిందీ, అరబ్బీ, ఇంగ్లీషు కలిపి సర్దుకుంటున్నారు. నేర్పే ఆవిడ పేరు మాధవి. హైదరాబాద్ ఆవిడ, ఘుబ్రాలోనే ఉంటారట. మమ్మల్ని చూడగానే "రండి, ప్రయాణం బాగా జరిగిందా?" అని తెలుగులో పలకరించారు.

మొదటి గంట ఆరోగ్యం మీద. నేను లోపల నవ్వుకున్నాను. ఏసీ గదుల్లో కూర్చునేవాళ్లకు ఏం కష్టం అని. అప్పుడొక తెల్ల గడ్డం వకీలు లేచి నెమ్మదిగా చెప్పాడు. రాత్రి నిద్ర పట్టదట. కొన్నేళ్లుగా తన ఎదుట ఏడ్చేవాళ్లందరి ముఖాలూ ఒకేలా కనిపిస్తున్నాయట, ఎవరి కథ ఎవరిదో కలిసిపోతోందట.  నాకు ఇక నవ్వు రాలేదు.

తర్వాత ముందే పడే ముద్రల సంగతి. ఎదురుగా కూర్చున్న మనిషి మీ కళ్లలోకి చూడకపోతే ఏమనుకుంటారు అని అడిగారు మాధవి గారు. "ఏదో దాస్తున్నాడు అనుకుంటాం" అన్నాడొక కుర్ర వకీలు. ఆవిడ గంగారాం వైపు తిరిగి, మీరెందుకు నేల చూస్తారని తెలుగులోనే అడిగారు.

"పెద్దోళ్ల కండ్లలకు సూస్తరా మేడం? మా నాయిన ఉంటే ఈపు పలగ్గొడుతుండె."

ఆవిడ దాన్ని అందరికీ చెప్పగానే హాలంతా నవ్వింది. ఆ కుర్ర వకీలు సిగ్గుపడుతూ పుస్తకంలో రాసుకున్నాడు.

పదిన్నరకు మా వంతు. సల్మా మేడం బల్లకు ఒక వైపు, ఎదురు కుర్చీలో నేను, నా వెనక గోడకు ఆనుకుని గంగారాం. కూర్చోమన్నా కూర్చోలేదు. వాళ్ల ఆఫీసులోనూ ఇలాగే ఉన్నాం. కేసు మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నారు, తను ఎలా అడుగుతారో మిగతావాళ్లు చూస్తారు. గంగారాం చేతులు కట్టుకుని చెప్పడం మొదలుపెట్టాడు.

"శుక్రారం మా ఊరాయన్ను కలుద్దామని బర్కాకు వోయిన మేడం. గక్కడ్నే జరమొచ్చింది. లేవనీకి చాతకాలే. శనారం పొద్దుగాల్నే ఫోర్మన్‌కు ఫోన్‌ల వాయిస్ వెట్టిన. ఆయన ఇన్నడు, రెండు టిక్కులు నీలమైనయి. నాల్గొద్దులాయెనంక వోతే, నీ పేరు హాజరీలకెల్లి తీసేసినం, పారిపోయినవని రాసినం అన్నరు."

నేను గొంతు సవరించుకుని హిందీలో చెప్పాను. "ఈయన నాలుగు రోజులు స్నేహితుడి గదిలో ఉండిపోయాడు. తప్పు జరిగిపోయింది. పేదవాడు, పిల్లలున్నవాడు. క్షమించేవాడే గొప్పవాడని మా శాస్త్రాలు చెబుతున్నాయి..." ఇంకా రెండు నిమిషాలు క్షమ గురించి మాట్లాడాను. కొందరు చప్పట్లు కూడా కొట్టారు.

టీ విరామంలో మాధవి గారు కప్పు పట్టుకుని నా పక్కకు వచ్చారు. ఎవరికీ వినపడనంత మెల్లగా అడిగారు.

"నర్సయ్య గారూ, చాలా బాగా మాట్లాడతారు మీరు. ఒక్కటే అడుగుతాను. అతను జ్వరం అన్నాడు, ఫోర్మన్‌కు వాయిస్ పెట్టానన్నాడు. అవి హిందీలో రాలేదు కదా?"

 పద్దెనిమిదేళ్లలో ఎందరి మాటో ఇలా మోశాను. రెండు వైపులా అర్థమయ్యే మనిషి ఆ గదిలో ఉండడం అదే మొదటిసారి. "పెద్ద అవసరం లేదనిపించింది" అని గొణిగాను. ఆవిడ "మీకు తెలుసుగా, మీరే చూసుకోండి" అని కప్పు పెట్టి వెళ్లిపోయారు. ఇరవై మంది వకీళ్ల ముందు నన్ను నిలబెట్టి కడిగేయవచ్చు. నేనైతే అదే చేసేవాణ్ణి.

నిజంగా అదే చేశాను! ఏడాది కింద గంగారాం ఒక రాత్రి తాగి మా క్యాంపు గేటు దగ్గర పడిపోతే, ఆ శుక్రవారం పేరు పెట్టి, అందరి ముందూ ఉతికేశాను. అప్పటినుంచి నా మనసులో అతను తాగుబోతే. రూములో పడున్నాను అంటే తాగి పడున్నాడనే అనుకున్నాను. జ్వరం సాకు, ఫోన్ అబద్ధం. అబద్ధాన్ని నా నోటితో మేడంకు చెప్పడం ఎందుకని వదిలేసి, దాని చోట నా ప్రవచనం పెట్టాను. దేవుడే ఒకనాడు రాయబారిగా వెళ్లాడని, పంపినవాళ్ల మాటను పంపినట్టే అప్పజెప్పాడని ఎన్ని శుక్రవారాలు చెప్పాను నేను! పొద్దున్న వేలు పెట్టిన పదిహేడో అధ్యాయం ఎవరి కోసమో అప్పుడు తెలిసింది. నా నాలుక మీద నిజం లేదు.

విరామం అయ్యాక లేచి నిలబడ్డాను.  "ఇందాక మీరు నాకు చప్పట్లు కొట్టారు. అది తప్పు. ఇతను చెప్పింది ఒకటి, నేను మీకు చెప్పింది ఒకటి. ఆఫీసులో కూడా ఇదే చేశాను. ఇతణ్ణి తాగుబోతని నేను ముందే తీర్పు చెప్పేసుకున్నాను" అన్నాను. సల్మా మేడం నన్ను తిట్టలేదు. లేచి వచ్చి కుర్చీలు మార్చారు. తన ఎదురుగా గంగారాంకు కుర్చీ, నాకు పక్కన ఒక అడుగు వెనక్కి. భుజం పట్టి అతణ్ణి కూర్చోబెట్టినంత పని చేశారు. "ఒక్కో వాక్యం. అతను ఆగితే మీరు చెప్పండి. అంతే" అన్నారు.

గంగారాం చెప్పాడు, నేను చెప్పాను. ఫోన్ మాట రాగానే అతను జేబులోంచి ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. ఆ వాయిస్ ఇంకా ఉంది. పంపిన రోజు, పక్కన రెండు నీలం టిక్కులు. వినిపించాడు. "సాబ్, బుఖార్ హై, ఉఠ్ నై సక్తా, దో తీన్ దిన్ ఛుట్టీ దేవ్ సాబ్..." జ్వరం, లేవలేను, సెలవివ్వండి అని వణికే గొంతు, మధ్యలో దగ్గు. దాన్ని అనువదించే పని ఎవరికీ లేకపోయింది.

సల్మా మేడం తన జవాబు కాగితం తిరగేసి పక్కన పెట్టారు. "ఇందులో నేను క్షమించమని అడుగుతున్నాను. చెయ్యని తప్పుకి" అన్నారు. తర్వాత అందరి వైపూ తిరిగారు. "నర్సయ్య భాయ్ ఒక్కరిదే కాదు తప్పు. గంగారాం నిమిషం సేపు మాట్లాడితే అందులో నాకు ఒక్క వాక్యమే చేరింది. మిగతాది ఏమైందని నేను అడగలేదు. అతను మాట్లాడినంతసేపూ నేను అతణ్ణి చూడలేదు, నర్సయ్య భాయ్‌నే చూశాను." ఆ తెల్ల గడ్డం వకీలు లేచి వచ్చి గంగారాంతో చెయ్యి కలిపాడు. మధ్యాహ్నం భోజనం వాళ్లే పెట్టారు, బిర్యానీ, సలాడ్. గంగారాం రెండోసారి వడ్డించుకోవడం చూసి నా కడుపు నిండింది.

మూడున్నరకు బయల్దేరి అదే దారిన వెనక్కి వచ్చాం. సాయంత్రం ట్యాక్సీలు త్వరగా నిండుతాయి, పది నిమిషాల్లో కదిలాం. బర్కా పచ్చ గేటు దాటాక అడిగాను.

"గంగారాం, నీకు హిందీ కొంచెం వస్తది గదా. నేను నీ మాట జెప్తలేనని తెల్వలేదా?"

"ఎందుకు తెల్వదన్నా? ఫోను అన్న మాట నీ నోట్లకెల్లి రాకపాయె. గా మొదటి రోజే తెలిసింది."

"మరి అడ్డం రాకపోతివి?"

"అడ్డమొస్తే నువ్వు మల్ల శుక్రారం నా ముచ్చటే తీస్తవ్ గదన్నా." నవ్వుతూనే అన్నాడు. తర్వాత, "నిన్ను గూడ కోపానికి దెస్తే నా ఎంట ఎవరొస్తరు?" అన్నాడు.  అతని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను, రుస్తాఖ్ కోట దీపాలు కనిపించేదాకా.

సోమవారం కొత్త కాగితం వెళ్లింది, ఆ వాయిస్‌తో సహా. పోయిన వారం ఫిర్యాదు కొట్టేశారు. గంగారాం డ్యూటీకి వెళ్తున్నాడు. ఏడాది కింద ఏ మెస్‌హాల్లో అతని పేరెత్తి అరిచానో, అదే హాల్లో మొన్న శుక్రవారం నా పేరెత్తి నేనే చెప్పుకున్నాను. గొంతు మాత్రం తగ్గలేదు, అది నాకు దేవుడిచ్చిన గొంతు! కానీ ఇప్పుడు దాన్ని ఎవరి మీద ఎత్తుతున్నానో ముందు చూసుకుంటున్నాను. నన్ను నలుగురిలో నిలబెట్టకుండా టీ కప్పు చాటున ఒక్క ప్రశ్న అడిగిన మాధవి గారికి, నా కుర్చీ తీసేయకుండా ఒక అడుగు వెనక్కి వేసిన సల్మా మేడంకు, అంతా తెలిసీ నా వెంట నడిచిన గంగారాంకు రుణపడి ఉన్నాను. వకీళ్లకు పాఠం చెప్పడానికి వెళ్లి, వాళ్ల బెంచీ మీద కూర్చుని నేర్చుకుని వచ్చాను.

మీలో ఎవరైనా మనవాళ్ల కోసం మాట చెప్పడానికి ఇలా వెళ్తే, ఒక్కటి గుర్తుంచుకోండి. గదిలోకి వెళ్లగానే, మొదటి మాటకు ముందే, కష్టం ఎవరిదో వాళ్లను వకీలుకు ఎదురుగా కూర్చోబెట్టండి. మీ కుర్చీ పక్కకు, ఒక అడుగు వెనక్కి లాక్కోండి.