మెరుగు పట్టిన పసుపు

పసుపు పెడితే ఎంతటి పుండైనా మానుతుందని ఆర్మూరులో అందరూ అంటారు. పండించే పంటే పసుపైన చోట ఆ మాటను పరీక్షకు పెట్టాలని ఎవరికీ తోచదు. గంగాకిషన్‌కు తోచింది, అదీ గత్యంతరం లేక.

ఆయన ఒక ప్రైవేటు దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్. 1994 వేసవిలో ఆయన తల్లి నర్సవ్వకు చక్కెర వ్యాధి వల్ల పాదానికి పుండు పడింది. ఆ పుండు చీమును గాజుపళ్లెంలో పెంచి చూస్తే, మందు అద్దిన కాగితపు బిళ్లల అంచుల దాకా క్రిములు పెరిగాయి. దవాఖానలో ఉన్న ఏ మందుకూ అవి లొంగలేదు.

"నిజామాబాద్ పెద్ద దవాఖానకు తీస్కపో. వేళ్లు తీసుడు తప్పకపోవచ్చు" అన్నాడు డాక్టరు. నర్సవ్వ ససేమిరా అంది.

గంగాకిషన్ అన్న భీమన్న మార్కెట్లో పసుపు కొమ్ములకు మెరుగుపెట్టే డ్రమ్ము నడిపేవాడు. మంచి సరుకుతోనే పరీక్ష చేయాలని గంగాకిషన్ అక్కడ మెరుగుపెట్టిన తమ చేని పంటలోంచి నిగనిగలాడే కొమ్ములు ఏరి తెచ్చాడు. దంచి, స్పిరిట్టులో నానబెట్టి, ఆ సారాన్ని క్రిముల మధ్య వేశాడు. పక్కన వట్టి స్పిరిట్టు వేశాడు. వట్టి స్పిరిట్టు ఏమీ చేయలేదు. సారం చుట్టూ మాత్రం క్రిములు లేని వలయం ఏర్పడింది. సంతోషం పట్టలేక ఆయన మార్కెట్లో పదిమందికీ చెప్పాడు.

నర్సవ్వ ఇంటి డబ్బాలోని పసుపు పెట్టుకుంది. పుండు ఇంకా లోతైంది.

"నయమైంది నీ పళ్లెం రా, నా కాలు గాదు" అంది కొడుకుతో.

ఆయన ఇంటి పసుపునూ పరీక్షించాడు. వలయం రాలేదు. రెండూ వాళ్ల చేనివే, కలిపి ఉడికించి ఎండబెట్టినవే. ఇంటికి ఉంచుకున్న పసుపు డ్రమ్ములో పడలేదు, అంతే.

"అన్నా, డ్రమ్ముల ఏమేస్తున్నవే?"

"జర రంగు పొడి. గది లేకుంటే సరుకు మొకం ఎవడు జూస్తడు?"

"క్రిముల సంపింది గా రంగే. పసుపు గాదు."

"సంపింది గద! గదే పెట్టు అవ్వకు. బయట మాత్రం నోరు తెరువకు. సీజన్ల నా పొట్ట గొట్టకు."

ఒక పళ్లెం, ఒక పుండు పసుపు గుణాన్ని తేల్చలేవు. ఆయన పరీక్షించింది అసలు పసుపును కాదని మాత్రమే తేలింది. చంపడం వేరు, మాన్పడం వేరు. క్రిములను చంపిన రంగు తల్లి మాంసానికి హాని చేయదని ఏ పళ్లెమూ హామీ ఇవ్వలేదు.

గంగాకిషన్ ఆ రంగు పసుపును పుండుకు తాకనివ్వలేదు. పాదం కడిగి, కట్టు కట్టి, తల్లిని నిజామాబాద్ బస్సెక్కించాడు.

"వేళ్లు పోతయా, బిడ్డా?"

"పోతయే అవ్వా. కాలుంటది."

రెండు వేళ్లు పోయాయి, కాలు నిలిచింది. తిరిగి వచ్చాక ఆయన, పసుపు గురించి తాను చెప్పిన వారినందరినీ కలిసి, తన పరీక్ష తప్పని చెప్పాడు. వలయం తెచ్చింది రంగు పొడి అనీ, ఆ డ్రమ్ము తన అన్నదేననీ చెప్పాడు.